అఖిల మూడో ప్రశ్న

రాజధానిలోని అంత పెద్ద యూనివర్సిటీలోనూ పరిశోధనకు ప్రశ్న దొరకడం గగనమైపోయింది. ఎవరు ఏ ప్రశ్న పైకి అన్నా, విన్న ఫోనే నిమిషంలో జవాబు తేల్చేసేది. అఖిల ప్రశ్నలు రెండు అలాగే పోయాయి. మూడోదీ పోతే పీహెచ్‌డీ సీటే పోతుంది. అందుకే దాన్ని గైడ్‌కి కూడా చెప్పకుండా కడుపులో దాచుకుంది.

ఓ రోజు అమ్మ ఫోన్ చేసింది.

"ఇన్నేండ్ల సంది ఏం సదువుతున్నవే బిడ్డా? ఎవలన్న అడిగితే చెప్పరాకున్నది."

అమ్మ గొంతు అలా చిన్నబోతే అఖిల తట్టుకోలేకపోయింది. "వానొచ్చేది చీమలకు ముందే ఎట్ల ఎరుకైతదో సదువుతున్ననమ్మా," అనేసింది.

అమ్మ మురిసిపోయేలోగా ఫోన్ మర్యాదగా కల్పించుకుంది. "జవాబు దొరికిందండీ. చెప్పమంటారా?"

అఖిల వద్దనబోయింది.

"చెప్పు బిడ్డా, జల్ది చెప్పు," అంది అమ్మ ఆ ఫోన్‌తోనే, సంబరంగా. "మా పిల్ల సదివేది గదే!"