గోడమీద మనిషి

“ఆగవయ్యా, ఆయన మీద వెయ్యకు!”

సున్నం డబ్బాలో కుంచె ముంచబోతున్న పెయింటరు వెనక్కి తిరిగాడు. ఎదురింటి మేడమీది కోడలు. జుట్టు ముడైనా వేసుకోకుండా రోడ్డు దాటి వచ్చింది.

“ఎవరి మీదమ్మా?”

ఆమె హోటలు గోడ చూపించింది. ఆ గోడ నిండా హోటలుకి రోజూ వచ్చేవాళ్ళ బొమ్మలు, బొమ్మల కాలేజీ పిల్లలు వేసినవి. పేపర్లో తల దూర్చిన పోస్ట్‌మాన్, నోరంతా తెరిచి ఆవలిస్తున్న వాచ్‌మన్, ఈ చివర బల్లమీద టీ గ్లాసుతో ఆమె భర్త. పోస్ట్‌మాన్, వాచ్‌మన్ అప్పటికే సున్నంలో కలిసిపోయారు.

గల్లాపెట్టె దగ్గర్నుంచి హోటలాయన లేచొచ్చాడు.

“ఏం చెయ్యమంటావు చెల్లెమ్మా? పోయిన మనిషి పక్కన కూర్చుని టీ తాగాలంటే జనం జంకుతున్నారు. ఆ బొమ్మ పక్కన వేసిన బల్లమీద ఈగ కూడా వాలడం లేదు.”

“హోటలుకి అదీ మంచిదేగా!” అన్నాడు పెయింటరు. ఎవరూ నవ్వలేదు.

“నా కోసం కాదన్నా. మా అత్తయ్య కోసం.” ఆమె గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. పాల ప్యాకెట్టు అడిగినట్టు అడిగింది. “ఆవిడకి మతి నిలవడం లేదు. కొడుకు సంగతి గుర్తుండదు. తెల్లారేసరికి నన్ను కేకేసి లేపి ‘వాడేడే’ అంటుంది. కిటికీ తీసి, ‘అదుగో, టీ తాగుతున్నారు’ అని చూపిస్తాను. ఆ కళ్ళకి ఇంత దూరం ఆనదు. ‘సరే, తాగనీ’ అంటుంది. ఇవాళా అడిగింది. కిటికీ తీస్తే నీ సున్నం కనబడింది. ఇప్పుడు పైకెళ్ళి ఏం చూపించను?”

హోటలాయన తల గోక్కున్నాడు. “ఊరెళ్ళాడని చెప్పు.”

“ఎప్పుడొస్తాడంటుంది.”

ఆయన గల్లాపెట్టె దగ్గరికి వెళ్ళిపోయాడు. పెయింటరు గోడ వంకా ఆమె వంకా చూశాడు. “నా చేతుల్లో ఏముందమ్మా?” అని కుంచె ముంచాడు.

ముందు చెప్పులు పోయాయి. తర్వాత మోకాళ్ళు. తర్వాత గ్లాసు. ఎవరిదో బొమ్మ చూస్తున్నట్టు ఆమె చూస్తూ నిలబడింది. మొహం మీద కుంచె తిరిగాక కూడా తడి సున్నం కింద ఆయన కనబడుతూనే ఉన్నాడు.

“ఆరితే కనబడడులెండి,” అన్నాడు పెయింటరు, ధైర్యం చెబుతున్నట్టు.

ఆమె తలూపి మెట్లెక్కింది. అత్తగారు మంచం మీద కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉంది.

“వాడేడే? అడిగితే చెప్పకుండా ఎటు పోయావు?”

మార్కెట్టుకి వెళ్ళారనొచ్చు. స్నేహితుడి ఇంటికనొచ్చు. అబద్ధాలన్నీ నోటిదాకా వచ్చి నిలబడ్డాయి. ఒక్కటీ గడప దాటలేదు.

“లేరత్తయ్యా,” అంది. “చచ్చిపోయారు.”

ఆ మాట ఆమె పైకి అనడం అదే మొదలు. అన్నాక నేలమీద చతికిలబడింది. ముసలావిడ గుండెలు బాదుకుంటుందని, ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుందని ఎదురుచూసింది.

అరవలేదు. వంగి, కోడలి తల ఒళ్ళోకి లాక్కుని, మొహం మీద పడ్డ జుట్టు వెనక్కి తోసింది.

“తెలుసే పిచ్చిదానా. నేను అడక్కపోతే నువ్వు మంచం దిగేదానివా?”