క్రిస్పులో తాత పథ్యం

తలగడ కింద నుంచి పియాయా పొట్లం లాగి ఫెలిసా అతని ఒళ్ళోకి విసిరింది. రొట్టె సగం తినేసి ఉంది. లోపలి బెల్లం దుప్పటికి అంటుకుంది.

"ఎవడు తెచ్చిపెట్టాడు?"

క్రిస్పులో ఆ బెల్లం వేలితో గీకి నోట్లో పెట్టుకున్నాడు.

"అడుగుతుంటే మాట్లాడవేం?"

"ఎలాగూ పోయేవాణ్ణి. తిననీ."

"పొమ్మని నీకెవరు చెప్పారు?" అంటూ అతని వేలు పట్టుకుని సూది గుచ్చింది, అవసరమైనదానికంటే కాస్త గట్టిగానే. చక్కెర చూసే మిషన్ మీద అంకె మూడు వందలు దాటింది.

బకోలోడ్ పట్నం పక్క చెరకు ఊళ్ళలో తీపి మానమంటే ఎవరూ వినరు. క్రిస్పులో అసలే వినడు. భార్య పోయింది. పిల్లలు మనీలాలో ఉంటారు, ఫోనెత్తరు. పొద్దున్నే ఫెలిసాయే వచ్చి వండేది. అతను తినేదాకా ఎదురుగా కూర్చునేది.

ఆరోగ్య కేంద్రానికి కొత్తగా వచ్చిన నర్సు గ్లెండా, ఏది తింటే ఎంత పెరుగుతోందో చూసి అతనికి తగ్గ పథ్యం కుదిర్చింది. చిలగడదుంప అందరికీ మంచిదన్నారు. ఇతని ఒంట్లో మాత్రం పంచదార పోసినట్టే అయింది. దాన్ని మానిపించారు. ముందు కాకరకాయ, చేప. ఆ తర్వాతే చిన్న గిన్నెడు అన్నం. మునగాకు పులుసు ఎంతైనా తాగొచ్చు. చక్కెర దిగి, అంతా దారిలో పడిందనుకునేసరికి ఈ పొట్లం.

సంగతి విని గ్లెండా వచ్చింది. "మీ ఆవిడ ఇంత కష్టపడుతుంటే ఇదేం పని తాతా?"

"ఈ మనిషికి పెళ్ళాన్నైతే ఎప్పుడో విషం పెట్టేదాన్ని," అంది ఫెలిసా.

గ్లెండా నవ్వేసింది. "అయితే చెల్లెలా?"

ఫెలిసా వినిపించనట్టు కాకరకాయలు కడుగుతూ ఉండిపోయింది.

నర్సు వెళ్ళాక కంచం తెచ్చి అతని ముందు పెట్టింది. "పట్నం ప్రయాణం అనగానే నీకు తీపి మీద మనసు పోతుంది. ఆసుపత్రిలో చేరి పడుకుంటావు. పోయినసారీ ఇంతే, అంతకు ముందూ ఇంతే. ఈసారి నీ కాళ్ళతో నిన్ను నడిపిస్తాను."

"ముసలాణ్ణి. వదిలెయ్ ఫెలిసా."

"తిను."

కళ్ళు తుడుచుకుంటూ తిన్నాడు. ఆ రోజు నుంచి ఆమె ఇంటికి వెళ్ళడం మానేసి అతని గుమ్మంలోనే చాప వేసుకుంది. తీపి తెచ్చిన వాళ్ళని వీధిలోంచే తిట్టి పంపింది. సంచులు తడిమింది. ఒకడి చేతిలోని పొట్లం లాక్కుని మురిక్కాలవలో పడేసింది.

ప్రయాణం రోజు అంకె నూట ఇరవై లోపే ఉంది. క్రిస్పులో చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు. బస్సు కూడా తనే ఎక్కాడు.

పట్నంలో, ఇన్నాళ్ళూ బెయిలు మీదున్న క్రిస్పులో బోనులో నిటారుగా నిలబడటం చూసి, అతన్ని వెంటబెట్టుకొచ్చిన ఫెలిసాతో జడ్జి గారు "ముద్దాయికి మీరేమవుతారమ్మా?" అంటే, "ఇతను చెరకు తోటలో కాల్చి చంపిన రోడెల్‌కి తల్లినండి," అంది.