ఆరో శనివారం

"కొనమంటారా, వద్దంటారాండీ?"

పుణ్యవతి కాగితాల కవరు బల్ల మీద పెట్టి చెమట తుడుచుకుంది. ఇది ఆరో శనివారం, ఆరో ఫ్లాటు. సకల జనుల సమ్మెతో బస్సుల్లేవు. నిజాంపేట నుంచి మదీనాగూడ దాకా నడిచే వచ్చింది.

"జర కూసోండ్రి మేడం. గింత ఎండల నడిచొచ్చిండ్రా?" అంటూ లాయర్ పార్థసారథి టీ పెట్టడానికి లేచాడు.

తెలంగాణ గొడవ ఎటు తేలుతుందోనని కొనేవాళ్లు వెనకడుగు వేశారు. ఆస్తి కాగితాలు చూసి సలహా చెప్పే ఆయన గడప తొక్కుతున్నది ఈవిడొక్కతే. భార్య పోయాక ఆ ఇంట్లో రెండో కప్పు తడిసేది కూడా శనివారమే.

"మీరు సరేనంటేనే అడుగేస్తానండి," అంది పుణ్యవతి.

మాట మీద నిలబడే మనిషే. ఖాజాగూడ ఫ్లాటు చెరువు శిఖంలో, నీళ్లు నిలిచే నేలలో ఉందంటే మారుమాట లేకుండా వదిలేసింది. ఇంకోదానికి పాత దస్తావేజులు లేవంటే నవ్వేసి, టీ తాగి, భీమవరం కబుర్లు చెప్పి వెళ్లింది. ఆ కబుర్లతోనే ఆయనకు వారం గడిచేది.

కళ్లజోడు పెట్టుకుని ఒక్కో కాగితమే తిప్పాడు. స్థలం పట్టా సక్రమం. ప్లాను మంజూరు సక్రమం. కోర్టు తగాదాల్లేవు. బాగున్నాయంటే ఆవిడ కొనేస్తుంది. కొనేశాక లాయరుతో ఏం పని? శనివారం కూడా మిగతా ఆరు రోజుల్లాగే అయిపోతుందని తలచుకుంటే పార్థసారథికి భయమేసింది.

అబద్ధమాడటానికి నోరు రాలేదు. కోడిగుడ్డుకు ఈకలు పీకడం మొదలుపెట్టాడు. చివరికి ఆ ఫ్లాటు ఎప్పుడెప్పుడు ఎవరి చేతులు మారిందో చెప్పే ఈసీ దగ్గర ఆయన వేలు ఆగింది.

"దొరికింది!" అని పైకే అనేసి నాలుక కరుచుకున్నాడు.

"ఏంటండీ?"

"గీ ఈసీ రెండువేల ఏడు దాంకనే ఉంది మేడం. నాలుగేండ్ల సంగతి దీంట్ల లేదు. నడుమ ఇంకెవరికో అమ్మి ఉంటరు. జల్దీ పడకుండ్రి. కొత్త ఈసీ తీయించి మల్ల శనివారం రాండ్రి."

సంతోషం ఆయన గొంతులో దాగలేదు. పుణ్యవతి మాత్రం టీ కప్పు పక్కన పెట్టింది.

"అమ్మేశారండి," అంది.

"ఎరికుండి కూడ ఎట్ల కొంటున్నరు మేడం? ఎవరికి అమ్మిండ్రు?"

"నాకేనండి. ఈ వారం పట్టుకురావడానికి ఇంకే ఫ్లాటు కాగితాలూ దొరకలేదు."