రేపల్లె ప్యాసింజర్లో రాతి పగుళ్ళు

తెనాలిలో బయల్దేరిన రేపల్లె ప్యాసింజర్ కిక్కిరిసి ఉంది. పక్క సీట్లోని పుల్లమ్మగారు ఏం చదువుతున్నావని అడగగానే, మనీషా తన పరిశోధన గురించి ఉత్సాహంగా మొదలుపెట్టింది.

"భూమి లోపలి వేడి రాళ్ళ నిండా పగుళ్ళుంటాయండి. ఒత్తిడి పెరిగితే అవి మూసుకుపోతాయి. అప్పుడు ప్రకంపన ఈ చివర్నుంచి ఆ చివరికి బలం తగ్గకుండా, వేగంగా వెళ్ళిపోద్దండి."

"పగుళ్ళు తెరుచుకునుంటే?"

"దార్లోనే నీరసపడిపోద్దండి."

వేమూరులో బండి ఆగింది. పుల్లమ్మగారు కంగారుగా లేచి తలుపు వైపు చూశారు. మనుషుల మధ్య వేలు దూరే సందు లేదు.

"ఈ ఒత్తిడి చాలంటావా అమ్మాయ్?" అంటూనే, ఎదుటి వీపు మీద రెండు చేతులూ ఆనించి ఒక్క తోపు తోశారు.

ఆ తోపు మనిషి నుంచి మనిషికి పాకింది. తలుపు దగ్గర నిలబడ్డ బక్కపలచని పెద్దాయన సంచీతో సహా ప్లాట్‌ఫాం మీద తేలారు. బండి కదిలింది.

"అయ్యో, ఎవర్నో తోసేశారండి! మీరేమో దిగనే లేదు!" అంది మనీషా.

పుల్లమ్మగారు తీరిగ్గా కూర్చున్నారు.

"నేను దిగేది రేపల్లెలోనమ్మా. ఆయన మావారు. వేమూరులో ఉద్యోగం. నిలబడే నిద్రపోతారు. నిన్న ఎంత అరిచినా లేవక, నాతోపాటు రేపల్లె వచ్చేశారు."