చిట్టెలుక మోసుకుపోయినవి

“మళ్ళీ ఏం పోయిందే?”

“పాప ఉన్ని టోపీ అండీ,” అంది ఆమె, పెరటి గుమ్మంలో నిలబడి ఉయ్యాల తాడు లాగుతూ. “నిన్న మేజోళ్ళు. మొన్న చిన్న దుప్పటి. ఆ చిట్టెలుకే. గూట్లో పరుచుకోవడానికి లాక్కుపోతోంది.”

“దుప్పటి కూడానా? అది చిట్టెలుకా, ఏనుగా?”

గింజల వ్యాపారి పలుగు అందుకున్నాడు. ఎలుకలంటే అతనికి ఒళ్ళుమంట. ఆ మాటకొస్తే అతనికి ఒళ్ళు మండనిది ఆ ఇంట్లో ఏదీ లేదు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకునే రకం. పోయిన వారం పాప ఏడుపు ఆపలేదని పెళ్ళాం ఎడమ చెయ్యి విరిచాడు. “ఇంకోసారి ఏడిస్తే దీన్ని గోడకేసి కొడతా,” అని పసిదాన్ని చూపించి మరీ చెప్పాడు. అన్నంత పనీ చేసే మనిషే. అది ఆమెకు బాగా తెలుసు.

“సాయంత్రం రైలు వెళ్ళిందాండీ?”

“రైలుతో నీకేం పని?”

“టైము తెలుస్తుందని.”

“మీ అక్క మళ్ళీ వచ్చినట్టుందే?”

“మీ చొక్కాలు ఇస్త్రీకి పట్టుకెళ్ళింది.”

“నాలుగు చొక్కాలకి అంత బుట్టా! సోకు కాకపోతే!”

అతను గోడ వారనున్న కలుగు తవ్వడం మొదలుపెట్టాడు. పలుగు రాయికి తగిలి ఖంగుమంది.

“మెల్లగా అండీ, పాపకి ఇప్పుడే కన్నంటుకుంది.”

“నోర్ముయ్. నీకేం తెలుసు దీని సంగతి! మహా జాణ ఇది. అలికిడి తగిలిందంటే చాలు, పిల్లల్ని ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని వేరే కలుక్కి చేరేస్తుంది.”

“మరి తను?”

“ఆఖర్న పోదామనుకుంటుంది. అక్కడే దొరికిపోతుంది దొంగది.”

ఆమె తాడు లాగుతూనే ఉంది.

చివరికి గూడు బయటపడింది. చీల్చిన గడ్డి, కాసిని గింజల పొట్టు. పిల్లలు లేవు. తల్లి ఒక్కతే మూలకు నక్కి వణుకుతోంది. ఒక్క పోటు పొడిచాడు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది గానీ తాడు వదల్లేదు.

“కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది నా పని,” అంటూ చెమట తుడుచుకున్నాడు. అంతలో ఏదో తట్టినట్టు మళ్ళీ గూట్లోకి వంగి చూశాడు. గడ్డి అంతా కెలికాడు. ఉన్ని పోగు ఒక్కటీ లేదు.

“ఏమే, టోపీ ఏదీ? మేజోళ్ళేవీ?”

దూరంగా రైలు కూత పెట్టింది. చక్రాల చప్పుడు సన్నగిల్లి, పూర్తిగా ఆగిపోయేదాకా ఆమె చెవి అటే పెట్టింది. అప్పుడు తాడు వదిలేసింది.

“నిన్నే అడుగుతోంది!”

ఆమె పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. అతను పలుగుతోనే లోపలికొచ్చి, ఇంకా ఊగుతున్న ఉయ్యాల గుడ్డ విడదీశాడు.

లోపల దిండు ఉంది.