జప్తు రిజిస్టరు

"గొడుగు తెరవండి మాస్టారూ," అంది లైబ్రేరియన్.

"లోపల గొడుగు తెరిస్తే ఏం బావుంటుందండీ?" అన్నాడు డ్రాయింగు మాస్టారు. ఆయన రిటైరై రెండేళ్ళయింది.

"తెరవండి."

తెరిచాడు. సీసా ఒకటి జారి సరిగ్గా ఆవిడ చేతుల్లో పడింది. పుదీనా వేసిన నిమ్మరసం. బయట ఎండ మండిపోతోంది, సీసా మాత్రం చల్లగా ఉంది.

ఆ లైబ్రరీలోకి తినేవీ తాగేవీ తీసుకురాకూడదు. దొరికితే జప్తు. జప్తు చేసింది తిరిగివ్వరు. మూడుసార్లు దొరికితే కార్డు రద్దు. ఇవన్నీ పదిహేనేళ్ళ కిందట ఆవిడే బోర్డు మీద రాయించింది. పుస్తకాలిచ్చే కౌంటరు లోపల గుమాస్తాది, గుమ్మం దగ్గర బల్ల ఆవిడది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. జేబులో వేయించిన వేరుశనగ గింజ ఉన్నా ఆవిడ ముక్కుకి తెలిసిపోతుంది.

పట్టుకున్న సరుకు ఏమవుతుందో మాత్రం బోర్డు మీద లేదు. నాలుగయ్యేసరికి ఆవిడ వెనక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేది. పాడైపోయే వస్తువాయె, పారెయ్యడానికి చేతులెలా వస్తాయి?

అంతటితో ఊరుకున్నా సరిపోయేది. జప్తు రిజిస్టరులో చిట్టచివర 'రిమార్కులు' అని ఒక గడి ఉంది. ఖాళీ గడి చూస్తే ఆవిడకి చెయ్యి దురద. ఆ సాయంత్రం బుద్ధిగా రాసేసింది, "పుదీనా ఎక్కువైంది" అని.

మరుసటి గురువారం మాస్టారు టోపీ కింద ఇంకో సీసాతో దొరికాడు.

"ఇది దౌర్జన్యం మేడమ్! పైకి రాస్తాను!"

"రాసుకోండి. పెన్నివ్వనా? ముందు ఇక్కడ సంతకం పెట్టండి."

కళ్ళజోడు తుడుచుకుని, పేజీ మొత్తం పైనుంచి కిందికి చదివాడు. "చదవకుండా దేనిమీదా సంతకం పెట్టకూడదు కదండీ," అంటూ సంతకం పెట్టి, లోపల ఓ పావుగంట పేపరు తిరగేసి వెళ్ళిపోయాడు.

ఆ రోజు పుదీనా ఎంత ఉండాలో అంతే ఉంది.

వానలు మొదలయ్యాయి. మిరియాలు చల్లిన గుమ్మడికాయ సూపు రెయిన్‌కోటు చాటున ఫ్లాస్కులో దొరికింది. "ఉప్పు తక్కువ." తరువాతి వారం ఉప్పు కుదిరింది. చలి ముదిరేసరికి అల్లం బిస్కట్లు మఫ్లరులో మూటగట్టుకుని వచ్చాయి. "కొరికితే పన్ను కదిలింది." ఆ పై గురువారం బిస్కట్లు నోట్లో వెయ్యగానే కరిగిపోయాయి. ఆవిడ కళ్ళుగప్పాలని ఆయనకి పంతం, ఆయన్ని పట్టుకు తీరాలని ఆవిడకి పంతం. హాలంతా తలలు తిప్పి చూసేలా ప్రతి వారం కేకలే.

"అక్కా, గురువారం గురువారం టిఫిన్ డబ్బా తెచ్చుకోవేం?" అన్నాడొకసారి గుమాస్తా.

"ఆకలుండదురా," అంది ఆవిడ.

తనిఖీ అధికారి కూడా గురువారమే వచ్చాడు. మాస్టారు అప్పటికే దొరికిపోయి, అరిచి, వెళ్ళిపోయాడు. కమలాపండు తొక్కలతో చేసిన జామ్ సీసా ఇంకా బల్ల మీదే ఉంది.

"ఇక్కడ కేకలకి చదువు సాగడం లేదని పాఠకులు ఫిర్యాదు చేశారమ్మా. ఆ రిజిస్టరు ఇలా ఇవ్వండి."

ఇచ్చింది. ఆయన ఒక్కో పేజీ తిప్పుతుంటే ఆవిడ గుండె ఒక్కో మెట్టు దిగజారింది. రిటైర్మెంటుకి ఇంకా ఆరు నెలలుంది. ఇన్నేళ్ళ మంచిపేరూ జామ్ సీసాలో మునిగిపోయేలా ఉంది.

"జప్తు చేసినవన్నీ ఏం చేశారు?"

"పారేశానండీ."

"రుచి చూడకుండానే 'ఉప్పు తక్కువ' అని ఎలా తెలిసింది?"

అధికారి జామ్ సీసా ముందుకు లాక్కున్నాడు. "సాక్ష్యం పరిశీలించాలి," అని ఒక చెంచా తీసుకున్నాడు. పరిశీలన చాలలేదు కాబోలు, ఇంకోటి తీసుకున్నాడు. సీసా సగానికొచ్చాక గొంతు సవరించుకున్నాడు.

"సరే, రుచి సంగతి నేను చూడలేదనుకోండి. మూడుసార్లు దొరికితే కార్డు రద్దని మీ బోర్డే చెబుతోంది. ఈ మాస్టారు ముప్ఫై ఒక్కసారి దొరికాడు. ఎందుకు రద్దు చెయ్యలేదు?"

ఎందుకో ఆవిడకే తెలియదు.

"నేను వెళ్ళేలోగా ఆ కార్డు రద్దు చేసి నా చేతికివ్వండి. లేకపోతే మీ మీద రాయక తప్పదు."

ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది. మాస్టారి మీద కోపం తెచ్చుకోవాలని చూసింది. రాలేదు. వచ్చేవారం నుంచి ఆ గుమ్మంలోకి టోపీ రాదు, గొడుగు రాదు. డబ్బాలో చల్లారిన అన్నం మాత్రం వస్తుంది.

"కార్డుల సొరుగు లాగరా," అంది.

గుమాస్తా కదల్లేదు. "అక్కా, మరేమో..." అని తల గోక్కున్నాడు.

"నువ్వు తప్పుకో."

తనే సొరుగు లాగింది. రిజిస్టరులో సంతకం పక్కనున్న పేరు చూసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరికి రెండుసార్లు వెతికింది.

ముప్ఫై ఒక్క గురువారాలు వచ్చి దొరికిపోయిన ఆ మాస్టారికి ఈ లైబ్రరీలో అసలు కార్డే లేదు.