పక్క మంచం చెయ్యి

మెస్ వంటింట్లో తడి గచ్చు మీద కాలు జారి పడింది రాజకుమారి. కుడి మణికట్టు విరిగింది.

అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు ఆమె మెస్ పెద్ద దిక్కు. సకల జనుల సమ్మెలో ఊరంతా బంద్ అయినా ఆ పొయ్యి మాత్రం ఆరలేదు.

ఆమె చేతి పప్పుచారు తిని ఆఫీసర్లయినవాళ్ళు స్వీట్లు పట్టుకొచ్చి, పక్కన నిలబడి ఫొటో దిగుదామనేవారు. ఆమె కుడి చెయ్యి కొంగు కింద దాచుకుని నిలబడేది. కాలిన మచ్చలు, కత్తిపీట కోతలు. అలాంటి చెయ్యి ఆఫీసర్ల పక్కన ఏం బాగుంటుందని ఆమె బెంగ.

కొడుకు అనుదీప్ చెడ్డవాడేం కాదు. తల్లి కష్టం చూడలేకే అన్నాడు.

"ఇగ చాలమ్మా. మెస్ బంద్ చేద్దాం. ఈ వయసుల ఎవర్ని ఉద్ధరించనీకి?"

అన్నం వండటం కూడా ఒక ఘనకార్యమేనా అని ఆమెకూ అనిపించింది. ఆపరేషన్ కాగానే మూసేద్దామని మాట ఇచ్చేసింది.

నారాయణగూడ నర్సింగ్‌హోమ్‌కు వచ్చాక ఇంకో భయం పట్టుకుంది. వాళ్ళ సందులో ధర్మారావుగారు పూర్తి మత్తులో ఆపరేషన్ చేయించుకుని, లేచాక కొన్నాళ్ళు కట్టుకున్న భార్యనే ఎవరమ్మా నువ్వని అడిగాడు.

మత్తు డాక్టర్ జగదీశ్వర్ నెమ్మదైన మనిషి. మంచం పక్కన కూర్చుని అంతా విడమరిచి చెప్పాడు. పెద్దవాళ్ళకు వీలైనంతవరకు పూర్తి మత్తు ఇవ్వడట. చంక దగ్గర నరాల పక్కన సూది వేస్తే చెయ్యి ఒక్కటే మొద్దుబారుతుందట. తొందరగా తేరుకుని, కాసేపటికే టీ తాగొచ్చట.

"సాయంత్రం దాకా ఆ చెయ్యి మీది కానట్టే ఉంటది. పరేషాన్ కావద్దు," అన్నాడు.

గాజులు తీయించారు. విరిగిన చేతిని గుండెల మీద పెట్టుకునే లోపలికి వెళ్ళింది. సూదితో పాటు, కంగారు తగ్గడానికి కొంచెం నిద్రమందు కూడా ఇచ్చారు.

కళ్ళు తెరిచేసరికి వార్డులో ఉంది. నర్సు శ్రీలక్ష్మి ఆమెకు కళ్ళజోడు పెట్టి, టీ తేవడానికి వెళ్ళింది.

నొప్పన్నదే లేదు. తన చెయ్యి దుప్పటి కింద ఇంకా గుండెల మీదే ఉన్నట్టు తెలుస్తోంది.

కుడివైపు, మంచం పక్కన కట్టిన తెరను ఆనుకుని, దిండు మీద ఎవరిదో చెయ్యి కనిపించింది. కట్టులోంచి వేళ్ళు మాత్రం బయటికి ఉన్నాయి. పాపం, పక్క మంచం ఆమెకూ చెయ్యే విరిగినట్టుంది అనుకుంది రాజకుమారి.

బోసి చెయ్యి. బొటనవేలి మీద కాలిన మచ్చ. చూపుడువేలి నిండా పాత కోతలు. గరిటె పట్టీ పట్టీ వంకరపోయిన కణుపులు.

అది వంట చేసే చెయ్యి అని వేరే ఎవరో చెప్పాలా ఆమెకు?

ఎడమ చెయ్యి చాచి మెల్లగా ఆ వేళ్ళను తాకింది. వెచ్చగా ఉన్నాయి.

ఎంతమంది కడుపులు నింపిందో ఈ మహాతల్లి! పరీక్ష పోయిందని అన్నం మానేసిన పిల్లలను ఎన్నిసార్లు బతిమాలి తినిపించిందో! రాజకుమారి కళ్ళు చెమర్చాయి. ఇలాంటి మనిషి పక్కన పడుకున్నందుకు ఆమెకు గర్వంగా అనిపించింది.

"అక్కా, మీరు ఏడ వండుతరు?" అని అడిగింది.

నిద్రపోతోందేమోలే అనుకుని ఊరుకుంది.

శ్రీలక్ష్మి టీ తెచ్చింది.

"బిడ్డా, ఆ అక్క లేచినంక నా మాటగ ఒకటి చెప్పు."

"ఏందమ్మా?"

"ఆ చెయ్యిని కొంగు కింద దాచుకోవద్దని చెప్పు. ఇంట్ల ఎవరన్న పని బంద్ చెయ్యమంటే ఒప్పుకోవద్దని చెప్పు. గసువంటి చేతికి దండం పెట్టాలె."

శ్రీలక్ష్మి ఆమెను ఒకసారి, ఆ చేతిని ఒకసారి చూసింది. టీ కప్పు కింద పెట్టి తెర పక్కకు జరిపింది.

అవతల మంచమే లేదు. కిటికీ ఉంది.

శ్రీలక్ష్మి రాజకుమారి ఎడమ చేతిని పట్టుకుని, ఆ వేళ్ళ మీదుగా, కట్టు మీదుగా, మోచేతి మీదుగా మెల్లగా పైకి జరిపింది. అది రాజకుమారి భుజం దగ్గరకే వచ్చి ఆగింది.